ముసలి రెజ్లర్ సినిమా చూశారా? చివర్లో అతను చేసింది సరైన పనేనా?

మూలపేట_కుర్రాడు (నెల్లూరు)

2008లో వచ్చిన 'ద రెజ్లర్' ఎవరైనా చూశారా? డారెన్ అరనోఫ్‌స్కీ తీశాడు, మిక్కీ రూర్క్ చేశాడు. ఆ ఏడాది వెనిస్ సినిమా పండుగలో పెద్ద బహుమతి, గోల్డెన్ లయన్, దీనికే వచ్చింది. కథ చివరి దాకా చెప్తాను కాబట్టి ముందు సినిమా చూడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగండి.

ర్యాండీ 'ద ర్యామ్' రాబిన్సన్ 1980ల్లో పెద్ద పెద్ద స్టేడియాలు నింపిన రెజ్లర్. ఇరవై ఏళ్లు గడిచాయి. ఇప్పుడు న్యూజెర్సీలో వారాంతాల్లో స్కూలు జిమ్ముల్లో, చిన్న హాళ్లలో కొద్దిమంది ముందు తలపడుతుంటాడు. మిగతా రోజుల్లో సూపర్‌మార్కెట్లో సరుకులు మోస్తాడు. ఉండేది ట్రెయిలర్ ఇల్లు. అద్దె కట్టకపోతే తాళం వేసేస్తారు, ఆ రాత్రికి వ్యానే పడక. చెవికి మిషన్. ఒక మ్యాచ్ అయ్యాక గుండెపోటు వస్తుంది, బైపాస్ చేస్తారు, ఇక రింగులోకి దిగొద్దని డాక్టరు చెప్తాడు. సరేనని మానేసి, అదే సూపర్‌మార్కెట్లో మాంసం ముక్కలు కోసి, సలాడ్లు తూచి ఇచ్చే కౌంటర్లో నిలబడతాడు. ఎప్పుడో దూరమైన కూతుర్ని వెతుక్కుంటూ వెళ్తాడు. క్లబ్బులో డాన్సు చేసే క్యాసిడీతో కొత్త బతుకు మొదలవుతుందేమో అనుకుంటాడు. ఏదీ నిలవదు. చివరికి ఒకప్పటి ప్రత్యర్థితో, ఇరవై ఏళ్ల నాటి మ్యాచ్‌ని మళ్లీ ఆడటానికి వెళ్లిపోతాడు. గుండె పట్టేస్తున్నా మూల స్తంభం మీదకి ఎక్కి దూకుతాడు. తెర నల్లబడుతుంది, అంతే.

మా బావ అంటాడూ, మగాడంటే అట్టా పోవాలి, గౌరవంగా పోయాడు అని. నాకు మాత్రం ఆ కౌంటర్ సీను వదలట్లేదు. మొదటి రోజు తలకి నెట్ టోపీ పెట్టుకుని, వెనక గదుల్లోంచి మెట్లు దిగి, సన్నటి దారుల్లో నడుచుకుంటూ వస్తుంటాడు. కెమెరా వీపు వెనకాలే వస్తుంది. ఎక్కడినుంచో జనం కేకలు వినిపిస్తుంటాయి, రింగులోకి వెళ్తున్నట్టే. ప్లాస్టిక్ తెర తప్పించి కౌంటర్ దగ్గర అడుగుపెట్టగానే ఆ కేకలు ఆగిపోతాయి. కానీ కాసేపటికి అక్కడ కూడా మనిషి కుదురుకుంటాడు. ముసలావిడతో నవ్వుతూ మాట్లాడతాడు, ఒకరికి బంతి విసిరినట్టు హుషారుగా సరుకు విసిరి ఇస్తాడు. ఆ పని అతనికి చేతనయింది. మరి ఎందుకు నిలవలేదు? మీరేమంటారు?

పెన్నాగట్టు (నెల్లూరు)

తమ్ముడూ, మంచి సినిమా ఎత్తుకున్నావు. తొంభైల్లో మన నెల్లూరులో ఏ బడి పిల్లాడి జేబు తడిమినా రెజ్లర్ల బొమ్మలున్న ట్రంప్ కార్డులే ఉండేవి. ఎత్తు, బరువు, ఛాతీ, ర్యాంకు. పక్కనోడి కార్డు కంటే మన కార్డులో ఛాతీ ఎక్కువుంటే కార్డు మనది. ఆ కార్డుల మీద ఉన్న మనుషులు నలభై దాటాక ఏమవుతారో మాకెవరికీ పట్టలేదు.

ఏమయ్యారో చెప్తా. ఎడ్డీ గెరెరో 2005లో గుండె ఆగి పోయాడు, వయసు 38. ర్యాండీ శావేజ్ 2011లో కారు నడుపుతుండగా గుండెపోటుతో పోయాడు, 58. రాడీ పైపర్ 2015లో, 61. ఈ సినిమాలో ర్యాండీ ఊహించి రాసిన మనిషే, కానీ అట్టాంటి వాళ్లు నిజంగా ఎంతమంది ఉన్నారో ఆ ఆట చూసినోళ్లకి తెలుసు. ఆట ముందే అనుకుని ఆడేదే, గెలిచేదెవరో ముందే తెలుసు. పడటం మాత్రం నిజం. వెన్ను నిజంగానే చెక్క మీద పడుద్ది. సినిమాలోనే చూపించాడుగా, మణికట్టు టేపులో బ్లేడు ముక్క దాచుకుని, అదను చూసి తన నుదురు తనే కోసుకుంటాడు. రక్తం వస్తే జనం ఊగిపోతారని.

ఇంకో ముఖ్యమైన సంగతి. అమెరికాలో ఈ రెజ్లర్లు కంపెనీలకి ఉద్యోగులు కారు, కాంట్రాక్టు మనుషులు. కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉండదు, పింఛను ఉండదు. ఒళ్లు ఉన్నన్నాళ్లే జీతం. ర్యాండీ ట్రెయిలర్లో ఎందుకు బతుకుతున్నాడో, మందులకీ ఇంజెక్షన్లకీ డబ్బు ఎట్టా పోతుందో సినిమా పెద్దగా డైలాగులు పెట్టకుండానే చెప్పేసింది.

రూర్క్ సంగతి కూడా తెలుసుకోవాలి. ఎనభైల్లో స్టార్. 1991లో సినిమాలు పక్కన పెట్టి ప్రొఫెషనల్ బాక్సింగ్‌లోకి దిగాడు, మొహం చితికిపోయింది, ఆపరేషన్ల మీద ఆపరేషన్లు. తిరిగొచ్చేసరికి మంచి వేషాలిచ్చేవాళ్లు కరువయ్యారు. ఈ సినిమాకి కూడా ముందు నికొలస్ కేజ్ పేరు అనుకున్నారు, డైరెక్టరు పట్టుబట్టి ఇతన్నే తెచ్చుకున్నాడు. అందుకే ఆ మొహం చూస్తుంటే నటన అనిపించదు. గోల్డెన్ గ్లోబ్ వచ్చింది, ఆస్కార్‌కి నామినేషన్ దాకా వచ్చి ఆగింది.

కనిగిరి_డ్రిల్లుమాస్టారు (ప్రకాశం)

నేను వ్యాయామ ఉపాధ్యాయుడిగా రిటైరయ్యాను. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. చివర్లో అతను చేసింది తప్పు. ఆటలో మొదటి పాఠం ఎట్లా గెలవాలి అని మేము చెప్తాం, చివరి పాఠం ఎప్పుడు ఆపాలి అనేది. ఆ రెండోది నేర్చుకోనివాడిని హీరోగా చూపిస్తే నా దగ్గర కబడ్డీ నేర్చుకున్న పిల్లలు ఏం అనుకుంటారు? మోకాలు పోయినా కట్టు కట్టుకుని కోర్టులోకి దిగిన కుర్రాళ్లను నేను చూశాను. ఇప్పుడు వాళ్లు మెట్లెక్కలేరు.

మన కోడి రామ్మూర్తి నాయుడు గారిని గుర్తు చేసుకోండి. ఆయన కూడా ముందు విజయనగరంలో మాలాగా వ్యాయామ ఉపాధ్యాయుడే, మద్రాసు సైదాపేటలో శిక్షణ పొంది వచ్చినవాడు. తర్వాత సర్కస్ పెట్టి ఏనుగును ఛాతీ మీద నిలబెట్టుకున్నాడు. లండన్‌లో రాజదంపతుల ముందు ప్రదర్శనలిచ్చి ఇండియన్ హెర్క్యులస్ అనిపించుకున్నాడు. కాలికి పుండు లేచి ముదిరితే ఆ కాలు తీసేయాల్సి వచ్చింది. అంతటి దేహం ఉన్న మనిషి, 1942లో పోయేదాకా అట్లాగే బతికాడు. మనం ఆయన్ని కలియుగ భీముడు అని ఇప్పటికీ తలుచుకుంటున్నాం. కాలు లేకపోయినంత మాత్రాన ఆయన గౌరవం తగ్గిందా?

దారా సింగ్‌ను చూడండి. 1983లో కుస్తీ చాలించాడు. 1987లో టీవీ రామాయణంలో హనుమంతుడు వేసేటప్పటికి అరవైకి దగ్గర పడ్డాడు. ఊళ్లో ఒక్క టీవీ ఉన్న ఇంటి ముందు జనమంతా చేరి, ఆయన కనపడగానే దండం పెట్టేవాళ్లు. ఆగడం తెలిసినవాడికి ఇంకో దారి దొరుకుతుంది.

పొదిలి_హార్మణీ (ప్రకాశం)

మాస్టారూ నమస్కారం. కుస్తీ గురించి నాకు పెద్దగా తెలియదు. నేను పద్య నాటకాలకు హార్మణీ వాయిస్తాను. మా అబ్బాయి ఈ చర్చ చూపించి, సినిమా కూడా పెట్టి చూపించాడు.

దారా సింగ్ గారికి హనుమంతుడి వేషం దొరికింది, నిజమే. కానీ ఆ వేషం ఆయన్ని వెతుక్కుంటూ ఎవరో వచ్చి ఇచ్చారు కదండీ. ర్యాండీకి ఎవరొచ్చారు?

నాకు బాగా నచ్చింది వాళ్ల మేకప్ రూమ్ లాంటి గది. మ్యాచ్‌కి ముందు లోపల అందరూ ఒకరినొకరు ఆప్యాయంగా పలకరించుకుంటారు. నువ్విట్టా కొట్టు, నేనిట్టా పడతా, తర్వాత నన్ను ఎత్తు అని మెల్లగా మాట్లాడుకుంటారు. కుర్రాళ్లు ర్యాండీ దగ్గరికొచ్చి ఎంత మర్యాదగా నిలబడతారో! బయటికెళ్లాక ఒకరి రక్తం ఒకరు కళ్లజూస్తారు. మా దగ్గరా అంతే. స్టేజీ మీద విశ్వామిత్రుడు హరిశ్చంద్రుణ్ని పీడించి పిప్పి చేస్తాడు. సీను అయ్యాక అదే విశ్వామిత్రుడు గడ్డం తీయకుండానే ఆయనకి బీపీ మాత్ర వేసి మంచినీళ్లు పట్టిస్తాడు.

నాటకాలు చూడని పిల్లల కోసం ఒక మాట చెప్పాలి. ఒకే రాత్రి ఒకే వేషాన్ని ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు అని పోస్టర్ మీదే ఫొటోలు వేస్తారు. హరిశ్చంద్రలో కాటి సీను ఎవరిదైతే ఆ రాత్రికి వాళ్లే పెద్ద. వయసు మళ్లిన ఆర్టిస్టుకి కాంట్రాక్టరు ఫోన్ చేసి, "ఈసారి ముందు భాగం చేయన్నా, కాటి సీనుకి కుర్రాణ్ని పెట్టాం" అంటాడు. డబ్బులు అంతే ఇస్తానంటాడు. అయినా ఆ మనిషికి ఆ పూట ముద్ద దిగదు.

నాకు దగ్గరి ఆర్టిస్టు ఒకాయన ఉన్నాడు. పేరు చెప్పడం మర్యాద కాదు. ఒకప్పుడు ఆయన రాగం తీస్తే తిరునాళ్లలో రంగుల రాట్నం దగ్గర ఉన్నవాళ్లు కూడా ఇటు తిరిగి చూసేవాళ్లు. ఇప్పుడు సీనుకి ముందు తెర పక్కకొచ్చి, నా హార్మణీ చెక్క మీద చూపుడు వేలితో ఒకసారి తడతాడు. శ్రుతి దించమని. నోరు తెరిచి అడగడు. తబలా ఆయన కూడా ఏమీ మాట్లాడకుండా తగ్గు శ్రుతికి కట్టి ఉంచిన ఇంకో తబలా ముందుకు జరుపుకుంటాడు. రాగం పొడుగ్గా లాగాల్సిన చోట ఆయనకి ఊపిరి చాలదు. అక్కడ నేను అదే స్వరం పట్టుకుని నిండుగా వాయిస్తా. జనానికి ఆయనే పాడుతున్నట్టుంటుంది. పద్యం అయ్యాక వన్స్‌మోర్ అని కేకలు. ఆయన ఎప్పుడూ కాదనడు. బైపాస్ అయిన మనిషి, మళ్లీ మొదటి పాదం నుంచి అందుకుంటాడు.

సినిమాలో చివరి మ్యాచ్ ఇంకోసారి చూడండి. అయతొల్లా అనే వేషం వేసే ఆయన నిజజీవితంలో సెకండ్ హ్యాండ్ కార్లు అమ్ముకునే బాబ్. రింగులో జెండా ఊపుతూ దుర్మార్గుడిలా వస్తాడు. ఆట మధ్యలో ర్యాండీకి గుండె పట్టేస్తోందని అందరికంటే ముందు కనిపెట్టింది ఆయనే. తొందరగా ముగించేద్దాం, నన్ను పడేసి ఆట అయిపోగొట్టు అని చెవిలో బతిమాలతాడు. హాలు నిండా జనం చప్పట్లు కొడుతుంటే, ఆ మనిషి బతకాలని చూసింది శత్రువు వేషం వేసినాయనే. నాకు ఆ సీను దగ్గర కళ్లు తడిశాయి.

పెన్నాగట్టు

హార్మణీ అన్నా, ఆ తబలా సంగతి చదివి చాలాసేపు ఇంకేమీ చదవలేకపోయా. నేను ఆ చివరి మ్యాచ్‌లో ర్యాండీనే చూశా గానీ బాబ్ వైపు ఇంత చూడలేదు.

టంగుటూరు_అమ్మాయి (ప్రకాశం)

అందరూ పెద్దవాళ్లు మాట్లాడుతున్నారు. నేను కూతురి వైపు నుంచి మాట్లాడతాను.

మా నాన్న కూడా వేషం కట్టేవాడు. శివరాత్రి మొదలుకొని ఎండాకాలం అయ్యేదాకా రాత్రి పూట ఇంట్లో ఉన్నది లేదు. నాకు చిన్నప్పుడు టైఫాయిడ్ వచ్చి ఆసుపత్రిలో పెట్టారు. తెల్లవారుజామున నాన్న నాటకం నుంచి నేరుగా వచ్చాడు. చెవుల వెనక, మెడ మీద రంగు ఇంకా పోలేదు. అక్కడ డ్యూటీలో ఉన్న ఒకాయన గుర్తుపట్టి, అయ్యా మీరా, ఒక్క పద్యం అన్నాడు. నాన్న వరండాలో నిలబడి పాడాడు. పేషెంట్ల తాలూకు వాళ్లంతా చుట్టూ చేరారు. నేను లోపల మంచం మీద పడుకుని విన్నాను. తర్వాత అందరూ నా దగ్గరికొచ్చి, మీ నాన్న ఎంత గొప్పవాడమ్మా అన్నారు. ఆ తర్వాత ఆయన నా దగ్గర కూర్చున్నది కాసేపే, కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. రాత్రంతా మేలుకున్న మనిషి, తప్పు పట్టలేం. కానీ నాకు కావలసింది ఆ పద్యం కాదు.

అందుకే సినిమాలో స్టెఫనీ (ఎవన్ రేచల్ వుడ్ చేసింది) కోపం నాకు బాగా అర్థమైంది. అతను కోటు కొనుక్కొస్తాడు, సముద్రం ఒడ్డున పాత డాన్సు హాల్లో ఇద్దరూ చేయి పట్టుకుని ఆడతారు, ఏడుస్తాడు, నేను విరిగిపోయిన ముసలి మాంసం ముద్దని అన్నట్టు మాట్లాడతాడు. చూసేవాళ్ల మనసు కరుగుతుంది. తర్వాత వారం భోజనానికి రమ్మంటే, ముందు రాత్రి తాగి ఎక్కడో పడుకుని మరిచిపోతాడు. ఆమె రెస్టారెంట్లో ఎదురుచూసి వచ్చేసింది. ఇక నువ్వు నాకు అక్కర్లేదు అంది. డైరెక్టరు ఆమెను మెత్తబరచలేదు, చివర్లో హాల్లో నిలబెట్టి చప్పట్లు కొట్టించలేదు. ఆ నిజాయితీకి దండం పెట్టాలి. మన సినిమాల్లో అయితే ఆఖరి ఫైట్‌కి కూతురు పరిగెత్తుకుంటూ వచ్చేది.

మూలపేట అన్నా, మీ బావ గౌరవంగా పోయాడు అన్నాడు కదా. ఎవరి ముందు గౌరవం? టికెట్ కొన్నవాళ్ల ముందు. ఇంటివాళ్ల ముందు కూడా గౌరవం అనేది ఒకటి ఉంటుంది, దానికి చప్పట్లు ఉండవు, రోజూ వచ్చి కూర్చోవాలి. ర్యాండీకి అది కష్టమైంది. దూకడం తేలికైంది.

కనిగిరి_డ్రిల్లుమాస్టారు

అమ్మా, నేను చెప్పాలనుకున్నది నువ్వు నాకంటే బాగా చెప్పావు.

కావలి_సిస్టర్ (నెల్లూరు)

గుండె వార్డులో పనిచేస్తాను కాబట్టి శరీరం సంగతి చెప్తాను. బైపాస్‌లో రొమ్ము ఎముకను నిలువునా కోసి తెరిచి, పని అయ్యాక స్టీలు తీగతో కట్టేస్తారు. అది అతుక్కోవడానికి రెండు మూడు నెలలు. ఈలోగా నీళ్ల బిందె కూడా ఎత్తొద్దని చెప్తాం. మంచం మీద నుంచి లేవాలన్నా పక్కకి తిరిగి లేవమంటాం. అట్లాంటిది పై తాడు మీద నుంచి మనిషి మీదకి దూకడమంటే చూస్తున్నంతసేపూ నా చేతులు బిగుసుకుపోయాయి. దానికి తోడు ఏళ్ల తరబడి స్టెరాయిడ్లు. అవి గుండె కండరాన్ని మందం చేస్తాయి, రక్తంలో చెడ్డ కొవ్వును పెంచుతాయి. కండ పెరిగింది కనపడుతుంది, గుండెకి ఏమైందో కనపడదు.

ఒక మాట మాత్రం మాస్టారు గారికి చెప్పాలి. మా దగ్గరికొచ్చేవాళ్లలో ఒంటి కష్టం మీద బతికేవాళ్లే ఎక్కువ. పొగాకు బ్యారన్ దగ్గర పనిచేసేవాళ్లు, రొయ్యల చెరువుల కాడ మేత బస్తాలు మోసేవాళ్లు, లారీ లోడింగ్ వాళ్లు. స్పృహ బాగా వచ్చాక వాళ్లు ఎన్నాళ్లు బతుకుతానని అడగరు. సిస్టరమ్మా, మళ్లీ బస్తా ఎత్తగలనా అంటారు. ఆపరేషన్ తర్వాత దిగులు పట్టుకోవడం చాలామందిలో ఉంటుంది, రాత్రిళ్లు గోడ వైపు తిరిగి ఏడుస్తుంటారు, ఇంట్లోవాళ్లు నొప్పి అనుకుంటారు. ఆ దిగులుకి కూడా వైద్యం ఉంది, డాక్టరుతో చెప్పాలి. ర్యాండీకి మందులు రాసిచ్చి పంపించేశారు. అతని మనసు ఎట్లా ఉందని అడిగిన మనిషి లేదు.

మన దగ్గర 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక పేదవాళ్లకి బైపాస్ ఖర్చు భారం చాలా తగ్గింది. ఆపరేషన్ దాకా మనం బాగానే చూసుకుంటున్నాం. ఆపరేషన్ తర్వాత ఆ మనిషి ఏ పని చేసుకుని బతకాలి అనేది మాత్రం ఎవరూ చూడట్లేదు.

బిట్రగుంట_బోగీ (నెల్లూరు)

సిస్టర్ గారు అన్నదానికి నా సొంత అనుభవం కలుపుతాను. నేను రైల్వేలో ఇంజన్ నడిపాను. మాకు క్రమం తప్పకుండా వైద్య పరీక్షలు ఉంటాయి. చూపు తగ్గిందనుకోండి, ఇంజన్ ఎక్కనివ్వరు. దాన్ని మెడికల్ డీకేటగరైజేషన్ అంటారు. ఉద్యోగం తీసెయ్యరు, జీతానికి రక్షణ ఇచ్చి కూర్చుని చేసే ఇంకో పని ఇస్తారు. ఇట్టాంటి ఏర్పాటు ఒంటితో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఉండాలి.

అయినా ఆ రోజు మాత్రం తేలిక కాదు. లాబీలో నా తోటివాళ్లు డ్యూటీకి సంతకం పెట్టి, బ్యాగు పట్టుకుని బండి దగ్గరికి వెళ్తుంటే, నేను ఆ పక్క గదిలో రిజిస్టర్లు రాస్తుండేవాణ్ని. వాళ్లలో ఒకడు రోజూ లోపలికొచ్చి, గురువుగారూ, ఫలానా చోట సిగ్నల్ దగ్గర ఎత్తు ఉంది కదా, బ్రేకు ఎక్కడ వెయ్యమంటారు అని అడిగేవాడు. వాడికి తెలియక కాదు. వాడు అడగబట్టే నేను ఆ గదిలో రిటైరయ్యేదాకా కూర్చోగలిగాను.

మూలపేట_కుర్రాడు

బోగీ గారూ, నా ప్రశ్నకి జవాబు మీ దగ్గర దొరికింది.

సూపర్‌మార్కెట్లో ర్యాండీకి ఇచ్చిన పేరు బిళ్ల గుర్తుందా? అతని అసలు పేరు రాబిన్. ఆ పేరంటే అతనికి పడదు. నన్ను ర్యాండీ అని పిలవండి అని ఎంత చెప్పినా, కాగితాల్లో రాబిన్ అని ఉంది కాబట్టి బిళ్ల మీద రాబిన్ అనే కొట్టించి ఇస్తారు. మేనేజరు మాటమాటకీ వెటకారం. వారాంతంలో ఎక్కువ గంటలు కావాలని అడిగితే కూడా వెటకారమే. పని చిన్నది కాదు, అతను దాన్ని బాగా చేస్తున్నాడు. కౌంటర్ దగ్గరికి ఒకడొచ్చి తేరిపార చూసి, నువ్వు ర్యామ్‌వి కదూ అంటాడు. కాదంటాడు. వాడు వదలడు. అప్పుడే కోపం పట్టలేక కోత మిషన్‌ని గుద్ది చెయ్యి కోసుకుని, రక్తం కారుతుండగా ఏప్రాన్ విప్పి పారేసి వెళ్లిపోతాడు.

నాకు అనిపించేదేమిటంటే, మాంసం కోసే పని అతన్ని కూల్చలేదు. అక్కడ ఉన్నందుకు సిగ్గుపడాలని అతనికి చుట్టూ ఉన్నవాళ్లు రోజూ నేర్పారు. ఆ మేనేజరు బిళ్ల మీద ర్యాండీ అని కొట్టించి, కొన్నవాళ్లకి ఈయన ఫలానా అని చెప్పి ఉంటే? అతను ఆ కౌంటర్లోనే ముసలివాడయ్యేవాడని నా నమ్మకం.

మా బావతో మాత్రం ఇప్పటికీ ఏకీభవించను. టంగుటూరు చెల్లెమ్మ చెప్పినట్టు, అది తేలికైన దారి.

పొదిలి_హార్మణీ

బాబూ, తేలిక అనకు. తప్పు అను, ఒప్పుకుంటాను. క్యాసిడీ పని వదిలేసి వచ్చి, వద్దు అని బతిమాలింది. అతను వినకుండా రింగులోకి వెళ్లాడు, ఆట మధ్యలో తెర వైపు తిరిగి చూసేసరికి ఆమె అక్కడ లేదు. ఆ తర్వాతే దూకాడు. ఎదురుగా ఉన్నది జనం ఒక్కటే. అలవాటున్న మనిషికి ఆ జనం కేక ఎంత బలంగా లాగుతుందో స్టేజీ మీద కూర్చునేవాడిగా నాకు తెలుసు. టంగుటూరు అమ్మాయి, నీ మాటకి నేను ఎదురు చెప్పను తల్లీ. నేను చెప్పిన ఆర్టిస్టు కూతురు కూడా ఒకసారి నాతో ఇట్టాగే అంది. బాబాయ్, ఇంక పాడించొద్దు అని నా చేతులు పట్టుకుంది. ఆయనకి చెప్తే వినడు. నేను వాయించనంటే ఇంకొకరిని తెచ్చుకుంటాడు, వాళ్లకి ఆ వేలి తట్టు అర్థం కాదు.

టంగుటూరు_అమ్మాయి

బాబాయ్ గారూ, మీరు వాయించడం మానొద్దు. ఆమెకి మీ నంబరు ఉందిగా, నాటకం అయిపోగానే ఒక ఫోన్ చేయండి, నాన్న బాగున్నాడు అని. మా అమ్మ ఆ ఫోన్ కోసమే తెల్లారేదాకా మేలుకుని ఉండేది. మాకు చేసినవాళ్లు లేరు.

పొదిలి_హార్మణీ

తప్పకుండా చేస్తానమ్మా.

కనిగిరి_డ్రిల్లుమాస్టారు

నా తరఫున ఒక పని చెప్తాను. అంతర్జాతీయ పతకాలు తెచ్చినవాళ్లకి కేంద్రం పింఛను ఇస్తోంది. జిల్లా స్థాయిలో ఆడి ఒళ్లు పాడుచేసుకున్నవాళ్లకి ఏమీ లేదు. కళాకారుల్లో డప్పు కళాకారులకి రాష్ట్రంలో నెలకి 4000 పింఛను వస్తోంది. హార్మణీ గారూ, మీ బృందంలో అర్హత ఉండీ ఏ పింఛనూ అందనివాళ్లు ఎవరున్నారో చూడండి. కాగితాలు సరిచేసి సచివాలయంలో పెట్టించే పని నేను చూసుకుంటాను, నాకు ఇప్పుడు తీరికే. నా దగ్గర ఆడి ఇప్పుడు ఖాళీగా ఉన్న పాత కబడ్డీ కుర్రాళ్లని కూడా సాయంత్రం పూట పిల్లలకి ఆట నేర్పడానికి పిలుద్దామనుకుంటున్నాను. మూలపేట కుర్రాడు చెప్పిన బిళ్ల సంగతి గుర్తుంచుకుని, వాళ్లు ఏ ఏడు ఏ జట్టుకి ఆడారో పిల్లలకి ముందే చెప్పిస్తాను.

కావలి_సిస్టర్

మాస్టారూ, ఆటకి దిగేముందు నలభై దాటినవాళ్లందరికీ ఒక ఈసీజీ తీయించండి. ఖర్చు పెద్దగా ఉండదు.

ఆత్మకూరు_కొత్తసభ్యుడు (నెల్లూరు)

అన్నీ చదివాను. మా నాన్నకి ఈ మధ్యే స్టెంట్ వేశారు, ఒకప్పుడు వాలీబాల్ బాగా ఆడేవాడు. ఆయనతో కలిసి ఈ సినిమా చూడొచ్చా?

పెన్నాగట్టు

కలిసి కూర్చుని చూడటం ఇబ్బందే తమ్ముడూ. క్లబ్బు సీన్లు ఉంటాయి, ఒక మ్యాచ్‌లో ముళ్లతీగ, గాజు, ఒంటికి స్టేపుల్ పిన్నులు కొట్టుకోవడం ఉంటాయి, అది చూడటం నాకే కష్టమైంది. నువ్వు ముందు ఒక్కడివే చూడు. నాన్నని ఆయన ఆడిన రోజుల గురించి అడుగు, పాత ఫొటోలుంటే బయటికి తియ్యి.

పొదిలి_హార్మణీ

నాన్నగారిని నాటకానికి తీసుకురా బాబూ. శనివారం మా వైపు తిరునాళ్లలో హరిశ్చంద్ర ఉంది. నేను చెప్పిన ఆ ఆర్టిస్టుకే కాటి సీను ఇచ్చారు. ఈ చర్చలో ఉన్నవాళ్లు ఎవరైనా వస్తే సంతోషం, ముందు వరసలో కూర్చోబెడతా. పద్యానికి చప్పట్లు గట్టిగా కొట్టండి. వన్స్‌మోర్ మాత్రం అనొద్దు, పక్కవాళ్లు అంటే ఆపండి.

టంగుటూరు_అమ్మాయి

నేను వస్తాను బాబాయ్. ఎన్నింటికి మొదలు?

పొదిలి_హార్మణీ

పోస్టర్ మీద తొమ్మిది అని వేశారు. మేకప్ అయి తెర లేచేసరికి పదిన్నర. కాటి సీను రెండు దాటాకే, దుప్పటి తెచ్చుకో.